కర్రెమ్మకు పుట్టిన ఎర్ర పెయ్య

పశువు రంగు చూసి జాతి చెప్పడంలో మా ఊళ్ళో నన్ను మించినవాళ్ళు లేరు. ఇది నేను చెప్పుకునే మాట కాదు. ఈ కన్నడ సీమ అంచున అత్తిబెలె నుంచి చందాపుర దాకా ఆవు కొనేవాళ్ళు చాలామంది బేరం కుదుర్చుకునే ముందు నన్ను వెంటబెట్టుకుని పోతారు. నేను ఆవు చుట్టూ ఒకసారి తిరిగి చెప్పిందే మాట.

ఈ చూపు నాకు నా భర్త చిక్కమునియప్ప వల్ల వచ్చింది. ఆయన పశువుల సంతలో దళారి. పెళ్ళయిన మొదటి ఏడు నుంచే నన్ను సంతకు తీసుకుపోయేవాడు. "మొగోళ్ళంతా కొమ్ములు చూస్తారు, నువ్వు పొదుగు చూడు" అనేవాడు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. చూపు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

మా పాతవాళ్ళు ఆవును రంగుతోనే పిలిచేవారు. నల్లగా ఉంటే కర్రి, బూడిద రంగయితే మైల, పసుపు కలిసిన లేత ఎరుపయితే పుల్ల, నుదుట తెల్లమచ్చ ఉంటే బొల్లి. అప్పట్లో మా కొట్టాల్లో ఉన్నవన్నీ హళ్ళికార్లే. మైసూరు సీమ పశువు అది. మైల రంగు, వెనక్కి సాగి పైకి లేచిన కొమ్ములు, నడకలో ఒక దర్జా. పాలు మాత్రం దూడకు పోను చెంబెడు. పుంగనూరు ఆవులు కూడా అప్పుడప్పుడు సంతకు వచ్చేవి, మనిషి నడుము ఎత్తు కూడా ఉండవు. తరువాత డైరీ వచ్చింది, దానితో దూరదేశపు జాతులు వచ్చాయి. సముద్రం మధ్య ఏదో చిన్న దీవి నుంచి జెర్సీ, జింక రంగులో. హాలండు నుంచి హోల్‌స్టీన్ ఫ్రీజియన్, నలుపూ తెలుపూ. అంత పేరు మాకు నోరు తిరగక హెచ్చెఫ్ అంటాము. ఉత్తరాది నుంచి గిర్, సాహివాల్, ఎర్ర సింధి కూడా ఒకటీ రెండూ చేరాయి. ఎర్ర సింధినీ సాహివాల్‌నీ కలిపేసి చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాకు ఇప్పుడున్నవి రెండు ఆవులు. పెద్దదాని పేరు కర్రెమ్మ. నా కొట్టంలో పుట్టి పెరిగిన మూడో తరం హెచ్చెఫ్. అమ్మమ్మా నలుపు తెలుపే, అమ్మా నలుపు తెలుపే. పూటకు పధ్నాలుగు లీటర్లు ఇస్తుంది. మా పొలాలున్న చోట ఇప్పుడు పన్నెండంతస్తుల ఇళ్ళు లేచాయి. వాటి వెనక ఇంత ఆవు ఉందని తెలిసి అక్కడి వాళ్ళు ఆదివారాలు చూడ్డానికి వస్తారు.

మా ఊళ్ళో ఎద్దులు లేవు. ఆవు ఎదకు వస్తే చెన్నరాయప్పకు ఫోన్ చేస్తాము. పాల సంఘం తరఫున సూది వేసేవాడు అతనే. సూది అంటాము గాని అది సన్నటి పొడుగు గొట్టం. మంచి కోడెల వీర్యం చిన్న చిన్న స్ట్రాలలో నింపి, పొగలు కక్కే చలి క్యానులో పెట్టుకుని మోటారు సైకిలు మీద తెస్తాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఊళ్ళో ఉన్న పెయ్యల్లో సగానికి పైగా అతని చేతి మీద పుట్టినవే. అందుకే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆవు ఈనితే మొదటి జున్ను గిన్నె సూది వేసినవాడికి.

కర్రెమ్మ ఈ ఏడు ఒక మంగళవారం పొద్దున ఈనింది. నా కోడలు నళిని రాగి గడ్డితో దూడను తుడుస్తూ, "పెయ్యే అత్తా! అయితే రంగు చూడు, ఎర్రగా ఉండాది" అంది.

తడికి అలా కనబడుతోందిలే అనుకున్నాను. ఎండ తగిలి ఆరాక చూస్తే ఇటుక ఎరుపు. ఎరుపు మీద తెల్లటి మచ్చలు. నల్ల వెంట్రుక ఒక్కటి లేదు.

పక్కింటి మల్లయ్య గోడ మీద నుంచి తల పెట్టాడు. "ఏమక్కా, హెచ్చెఫ్ అని చెప్పి జెర్సీ వేసిపోయినాడా నీకు? ఊరందరికీ జాతులు చెప్తావు, నీ కొట్టంలోనే మోసపోతివే!"

ఆ మాట నాకు మిరపకాయ మంటలా తగిలింది. మల్లయ్య నవ్వు ఇంకా ఆగకముందే చెన్నరాయప్ప బండి వాకిట్లో ఆగింది. పొయ్యి మీద జున్ను వాసన వీధిలోకి వస్తోంది. అతను నవ్వుతూనే దిగాడు.

"ఈనిందంట గదా అక్కా, ఏమి దూడ?"

"పోయి చూడు. నువ్వు పెట్టిందే గదా."

చూశాడు. నవ్వు పోయింది. "అక్కా, నేను వేసింది హెచ్చెఫ్ స్ట్రానే. దేవుని మీద ఆన."

"దేవుణ్ణి ఏల పిలుస్తావప్పా? పెయ్య ఇక్కడే ఉండాది, దాన్ని అడుగు."

"ఆ దినం క్యానులో జెర్సీవి కూడా ఉండినాయి, అబద్ధం చెప్పను. కానీ నేను చూసే తీసినా."

"నువ్వు చూసే తీసినావు. మరి నాకు కండ్లు లేవా?"

అతను బండెక్కి పోయాడు. నళిని లోపలి నుంచి గిన్నెతో వచ్చింది.

"అత్తా, జున్ను తీసిపెట్టినా."

"లోపల పెట్టు."

మరుసటి పొద్దున డైరీ దగ్గర పాలు పోసే వరుసలో, నలభై మంది వినేట్టు అదే మాట అన్నాను. జెర్సీ స్ట్రాను హెచ్చెఫ్ అని వేస్తాడు, చూసుకోండి అన్నాను. మల్లయ్య నాకన్నా గట్టిగా అరిచాడు. సంఘం సెక్రెటరీ రాజగోపాల్ బయటికి వచ్చి, "నోటి మాటగా వద్దు, గలాటె అవుతాది. అర్జీ ఇవ్వండి, కమిటీలో పెడతా" అని తనే కన్నడంలో రాసి చదివి వినిపించాడు.

"వేలిముద్రకు ఇంకు డబ్బా తెచ్చేదా అక్కా?" అన్నాడు మల్లయ్య.

"నీ ముద్రకు తెచ్చుకోపో" అని పెన్ను తీసుకున్నాను.

నళిని నాకు అక్షరాలు నేర్పి అప్పటికి రెండేళ్ళు. ఇంట్లో పలక మీద, క్యాలెండరు వెనకా రాశాను గాని, పదిమంది ముందు నా పేరు రాయడం అదే మొదలు. అక్కయమ్మ, నాలుగక్షరాలు. అందరూ మెడలు చాచి చూశారు. నిజం చెప్పాలంటే, ఆ నిమిషంలో నేను చెన్నరాయప్పను తలచుకోనే లేదు. నా సంతకం గుండ్రంగా వచ్చిందా లేదా అన్నదే చూసుకున్నాను.

రాజగోపాల్ చెన్నరాయప్ప చలి క్యాను తీసుకుని డైరీలో పెట్టించేశాడు. పన్నెండో రోజు, సోమవారం సాయంత్రం, కమిటీ కూర్చుంటుంది. అర్జీ నిజమని తేలితే చెన్నరాయప్పను పనిలో నుంచి తీసేస్తారు. ఆ లోపల ఎదకు వచ్చిన ఆవులకు అత్తిబెలె నుంచి ఇంకెవరినో పిలిపించుకున్నారు. చెన్నరాయప్ప భార్య నంజమ్మ రోజూ పాలు పోయడానికి వచ్చేది. నన్ను చూసి వరుసలో పక్కకు జరిగి, నా వెనక ఉన్నవాళ్ళతో మాట్లాడేది.

ఎనిమిదో రోజు పెయ్యకు బకెట్లో పాలు తాగడం నేర్పుతున్నాను. పాలలో ముంచిన వేలు నోట్లో పెడితే చప్పరిస్తూ మూతి కిందికి దించుతుంది. అంత దగ్గరగా దాని ముఖం చూడడం అదే మొదటిసారి. అన్ని రోజులూ దాన్ని చూస్తే కోపం వచ్చి నళినికే వదిలేశాను.

ముక్కు గులాబీ రంగు. నా చెయ్యి ఆగిపోయింది.

జెర్సీ రక్తం ఉంటే ముక్కు నల్లగా ఉండాలి, దాని చుట్టూ పిండి అద్దినట్టు తెల్లటి వలయం ఉండాలి. ఇక్కడ వలయం లేదు. జెర్సీకి నుదురు గిన్నెలా లోపలికి పోయి కళ్ళు బయటికి ఉబికి ఉంటాయి. దీని ముఖం పొడుగ్గా, తిన్నగా, వాళ్ళమ్మ ముఖమే. ఎర్ర సింధి అందామా, మెడ కింద గంగడోలు వేలాడడం లేదు, చెవులు పొట్టి. మచ్చల అంచులు చూశాను. కత్తెరతో కత్తిరించినట్టు ఉన్నాయి. రంగు ఒక్కటి వదిలేస్తే కొమ్ము మొలిచే చోటు నుంచి గిట్ట దాకా హెచ్చెఫ్.

అప్పుడే గోడ అవతల మల్లయ్య ఆవు అరిచింది. తలెత్తి చూశాను. బొగ్గులా నల్లని ఆవు, పొట్ట కింద కొంచెం తెలుపు. దాని తల్లి పుల్ల రంగు జెర్సీ. దానికి హెచ్చెఫ్ సూది వేయిస్తే ఈ నల్లది పుట్టింది. అది పుట్టిన రోజు మల్లయ్యకు, "హెచ్చెఫ్ నలుపు జెర్సీ రంగును మింగేస్తాదప్పా, ఎప్పుడూ ఇంతే" అని చెప్పింది ఎవరో కాదు, నేనే.

జెర్సీ కలిసి ఉంటే నా పెయ్య కూడా నల్లగానే పుట్టాలి కదా.

బకెట్టు పక్కన అక్కడే కూర్చున్నాను. జెర్సీ కాదని నాకు తెలిసిపోయింది. అయితే ఎరుపు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియలేదు. తెలియకుండా డైరీ ముందుకు పోలేను.

మరుసటి రోజు బస్సెక్కి చందాపుర దగ్గర పశువుల డాక్టరమ్మ ఫర్హానా దగ్గరికి పోయాను. కడప పిల్ల. నాతో ఓపికగా మాట్లాడుతుంది. చెప్పిందంతా విని పెద్దగా నవ్వింది.

"అమ్మా, సగం కేస్ మీరే సాల్వ్ చేసేశారు. మిగతా సగం నేను చెప్తాను, ఇట్లా రండి."

బల్ల మీద మందు సీసాల మూతలు పెట్టింది. మూడు నల్లవి, మూడు ఎర్రవి.

"ప్రతి పశువు దగ్గరా రంగుకు రెండు మూతలు ఉంటాయనుకోండి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. రెండింట్లో ఒక్కటి నల్లదైనా సరే, పైకి నలుపే కనిపిస్తుంది. ఎర్రది కింద దాక్కుంటుంది. రెండూ ఎర్రవే వస్తేనే దూడ ఎర్రగా పుడుతుంది. జెర్సీది ఈ ఎర్ర మూత కాదు, వేరేది; అది కలిస్తే మూతి నల్లగానే వస్తుంది."

నేను మూతలు అటూ ఇటూ జరిపి చూశాను. "అంటే ఆ కోడె దగ్గర ఒక ఎర్ర మూత ఉండాది."

"ఉండాలి."

"నా కర్రెమ్మ దగ్గరా ఒకటి ఉండాది."

"పుట్టినప్పటి నుంచీ ఉంది. వాళ్ళమ్మకో అమ్మమ్మకో కూడా ఉండుంటుంది. మీకు కనిపించలేదు, అంతే."

మూడు తరాలుగా నలుపు తెలుపే అని ఎంతమందికి చెప్పుకున్నానో. "కల్తీనా తల్లీ?"

"కల్తీ ఏంటమ్మా! హాలండ్‌లో ఎర్ర తెల్ల మందలే సెపరేట్‌గా పెంచుతారు. రెడ్ హోల్‌స్టీన్ అంటే అక్కడ ఎంత గొప్పో. పాలల్లో నలుపుదానికీ దీనికీ తేడా ఉండదు. మా డాక్టర్లమే ఇక్కడ అరుదుగా చూస్తాం. ఫోటో ఉంటే పంపించండి." తరువాత కాగితం తీసుకుంది. "ఇదంతా రాసి సైన్ చేసి ఇస్తాను, మీ సంఘం వాళ్ళకు చూపించండి."

"వద్దు తల్లీ. నేను నోటితో అన్నది. నేనే చెప్పల్ల."

బస్సు దిగి నేరుగా చెన్నరాయప్ప ఇంటికి పోయాను. బండి వాకిట్లోనే ఉంది. నంజమ్మ గడప దాటి బయటికి వచ్చింది గాని లోపలికి రమ్మనలేదు.

"ఆయన ఇంట్లో లేడు."

"నంజమ్మా, నాదే తప్పు. ఆ పెయ్య హెచ్చెఫ్పే."

"నాకు చెప్తే ఏమొస్తాదక్కా? నలభై మందికి వినపడేట్ల అంటివి. నా చెవిలో ఊది పోదామని వచ్చినావా?"

ఆమె అన్నది న్యాయం. తిరిగి వచ్చేశాను.

సోమవారం సాయంత్రం పాలు పోసే వేళకు, నేనూ నళినీ పెయ్యకు తాడు కట్టి డైరీకి తోలుకుపోయాము. పదమూడు రోజుల దూడ, రోడ్డు మీద నాలుగడుగులు వేసి, గెంతి, మళ్ళీ ఆగిపోతుంది. అపార్టుమెంటు గేటు దగ్గర ఎవరో అమ్మాయి ఫోన్ తీసి, "సో క్యూట్! ఇది ఏ బ్రీడ్ ఆంటీ?" అంది.

"హెచ్చెఫ్" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు. నోటికి బాగుంది.

డైరీ ముందు కమిటీ వాళ్ళు కుర్చీలు వేసుకున్నారు. చెన్నరాయప్ప స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. నంజమ్మ అతని పక్కనే ఉంది. పాల క్యాన్లతో జనమంతా ఆగిపోయారు. రాజగోపాల్ అర్జీ తీసి చదవబోయాడు.

"చదవద్దప్పా, నిలుపు" అన్నాను. "మల్లయ్యా, ముందుకు రా. మీ నల్లావు తల్లి ఏ జాతి?"

"నన్ను ఏల అడుగుతావక్కా? జెర్సీ."

"ఏమి రంగు?"

"పుల్ల."

"దానికి ఏమి సూది వేయిస్తివి?"

"హెచ్చెఫ్."

"పుట్టిన ఆవు ఏమి రంగు?"

"ఊరందరూ చూస్తానే ఉండారు గదా. నలుపు."

"హెచ్చెఫ్, జెర్సీ కలిస్తే నలుపు పుట్టె. మరి నా కర్రెమ్మకు జెర్సీ వేసి ఉంటే ఏమి రంగు పుట్టల్ల?"

వెనక ఎవరో, "నలుపే గదా!" అన్నారు. వరుసంతా గుసగుసలు.

ఒకవేళ నలుపు పుట్టకపోయినా మూతి అయినా నల్లగా ఉండల్ల అని పెయ్య మూతి ఎత్తి పట్టుకున్నాను. రండి చూడండి, జెర్సీ మూతి ఎట్లుంటాదో మీ కొట్టాల్లోనే ఉండాది, దీన్ని పక్కన పెట్టి చూడండి అన్నాను. ఆడవాళ్ళు ముందుగా వచ్చారు. ముక్కు చూశారు, నుదురు తడిమారు, మచ్చల అంచుల మీద వేలు నడిపారు. డాక్టరమ్మ చెప్పిన మూతల సంగతి పాల క్యాన్ల మూతలు పెట్టి చూపించాను. ఒకామె, "అట్లయితే మా ఇంట్లో అందరూ నలుపు, చిన్నోడు ఒక్కడు తెలుపు ఎట్లనో ఇప్పుడు తెలిసె" అంది. నవ్వులు లేచాయి. చెన్నరాయప్ప నవ్వలేదు.

"అయిపాయె గదా" అన్నాడు రాజగోపాల్. "తెలీక ఇచ్చినారు. అర్జీ చించేస్తా, సుమ్నే ఊరికే వదిలేద్దాం."

"చించద్దు. చించితే రేపు ఎవురో ఒకరు మాటలు పుట్టిస్తారు, అక్కయమ్మ అట్ల రాసె, తరువాత రాజీ అయ్యె అని. దాని కిందనే నేను రాస్తా. పెన్ను ఇయ్యి."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఈసారి పేరు ఒక్కటే కాదు. ఒత్తులు వచ్చిన చోటల్లా ఆగాను. ఒకచోట కొట్టేసి మళ్ళీ రాశాను. మల్లయ్య వెనక నుంచి, "అక్కా, పాలు విరిగిపోతాయి!" అన్నాడు. "విరగనీ, నోరు మూసుకో" అని నంజమ్మ అతన్ని కసిరింది.

రాసింది లేచి నిలబడి చదివాను. "ఈ పెయ్య హెచ్చెఫ్. చెన్నరాయప్ప సరిగ్గానే వేసినాడు. రంగు చూసి నేను తప్పు చెప్పినాను. అక్కయమ్మ."

కమిటీ వాళ్ళు కాగితం ఒకరి చేతి నుంచి ఒకరు తీసుకుని చూశారు. రాజగోపాల్ లోపలికి పోయి చలి క్యాను తెచ్చి చెన్నరాయప్ప ముందు పెట్టాడు. అతను దాన్ని బండికి కట్టుకున్నాడు. తాడు రెండుసార్లు లాగి చూసుకున్నాడు. నాతో ఒక్క మాట లేకుండా నంజమ్మను ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. నేను కూడా పిలవలేదు. పన్నెండు రోజుల అవమానం ఒక్క కాగితంతో పోవాలని ఎలా అడుగుతాను? అయినా ఆ రోజు పెయ్యను తోలుకుని తల ఎత్తుకునే ఇంటికి వచ్చాను.

మరుసటి వారానికి ఊళ్ళో అతని బండి మళ్ళీ తిరగడం మొదలయింది. మా వీధిలోకి మాత్రం రాలేదు.

రెండు నెలల తరువాత ఒక పొద్దున కర్రెమ్మ ఎదకు వచ్చి అరవసాగింది. "ఫోన్ చేసేదా అత్తా?" అంది నళిని. నేనే చేశాను. "కర్రెమ్మ ఎదకు వచ్చిందప్పా" అన్నాను. అవతల నుంచి "ఊఁ" అని పెట్టేశాడు. వస్తాడో రాడో తెలియలేదు. గోరువెచ్చని నీళ్ళు మాత్రం సిద్ధం చేసి పెట్టాను.

వచ్చాడు. క్యాను మూత తీసి, స్ట్రా పైకి లాగి, వెన్నీళ్ళలో ముంచి, బట్టతో తుడిచాడు. గొట్టంలో పెట్టకుండా తెచ్చి నా ముఖం ముందు పట్టుకున్నాడు.

"చదువుకో."

"ఏల చెన్నరాయప్పా? వెయ్యి."

"చదివినంకనే వేస్తా. రేపు ఇంకో రంగు పుడితే?"

కళ్ళు చికిలించి చూశాను. సన్నటి అక్షరాలు, అన్నీ ఇంగ్లీషు. "ఇది ఇంగ్లీషు గదప్పా! నాకు వచ్చింది తెలుగు ఒక్కటే."

"అట్లనా?" అన్నాడు. మూతి పక్కన సన్నగా కదిలింది. "అట్లయితే నన్ను నమ్మల్సిందే నువ్వు. ఇంకేమి దారి ఉండాది?"

"నమ్మినా లేప్పా. చల్లారిపోతాది, వెయ్యి."

పని ముగించి చేతులు కడుక్కున్నాడు. అప్పుడు అడిగాడు, ఎర్రది యాడ ఉండాది అని. కొట్టం వెనక కట్టేసి ఉంది. అప్పటికే నడుము ఎత్తు పెరిగి, ఇటుక ఎరుపు ఎండలో మెరిసిపోతోంది. చెన్నరాయప్ప దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక కాళ్ళ మధ్య వంగి చూశాడు. దాని నుదురు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

వీధిలో పోతున్న ఎవరో కొత్త మనిషి, చందాపుర వైపు వాడు కాబోలు, బండి ఆపి అడిగాడు. "ఏమి జాతన్నా అది? ఎర్రగా భలే ఉండాది."

నేను నోరు తెరిచేలోపల చెన్నరాయప్ప అటు తిరిగాడు.

"హెచ్చెఫ్పు. నేను వేసిందే" అన్నాడు.